బోనస్ తేదీ వాళ్లకూ తెలుసు

దసరా దగ్గర పడుతుంటే సింగరేణి లాభాల వాటా ప్రకటన వస్తుంది. 2024లో విస్తరణ పనులకు పక్కన పెట్టగా మిగిలిన 2,412 కోట్ల లాభంలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు కార్మికులకన్నారు. సగటున మనిషికి 1.90 లక్షలు. అదే ఏడాది దీపావళికి పీఎల్‌ఆర్ బోనస్ 93,750. రాష్ట్రంలో ఇంకే కొలువులోనూ చేతికొచ్చే పైసలను ఇంత బహిరంగంగా ప్రకటించరు. గోదావరిఖని లక్ష్మీనగర్ బట్టల దుకాణాలు ఆ తేదీ చూసుకునే సరుకు దింపుకుంటాయి. కాంబోడియాలో ఫోన్లు ముందేసుకుని కూర్చున్న సైబర్ మోసాల ముఠాలకూ అదే తేదీ చాలు.

అందుకే కోల్‌బెల్ట్‌లో ప్రతి క్వార్టర్‌కూ ఈ మాట ఇప్పుడే చేరాలి. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అని వచ్చినా, పెళ్లి పత్రిక అని వచ్చినా, బ్యాంకు కేవైసీ అని వచ్చినా, ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే ముట్టుకోవద్దు. రేపు బోనస్ లిస్టు అనీ రావచ్చు. అది ఫోన్లో దిగిందంటే మీకొచ్చే ఓటీపీ మీకంటే ముందు వాళ్లు చదువుకుంటారు. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకుంటే పింఛను ఆగుతుందని ఫోన్ చేసి వివరాలు అడిగితే రిటైరైన పెద్దలు జవాబివ్వొద్దు. బొగ్గు గని కార్మికుల భవిష్య నిధి (సీఎంపీఎఫ్) ఆఫీసు గోదావరిఖనిలోనే ఉంది, పోయి అడగొచ్చు. పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి అరెస్టు చేశామని బెదిరించేవాడు పోలీసు కాదు. డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదని 2024 అక్టోబరులో ప్రధాని స్వయంగా మన్ కీ బాత్‌లో చెప్పాల్సి వచ్చింది.

మాట్లాడేది మన యాసలో ఉంది కదా అని నమ్మే రోజులు పోయాయి. 2024లో సిరిసిల్ల యువకుడొకరు ఉద్యోగమని నమ్మి కాంబోడియా పోయి సైబర్ మోసాల క్యాంపులో చిక్కుకున్నాడు. పోలీసులు పూనుకుంటే గానీ బయటపడలేదు. అట్లాంటి పిల్లలను కూర్చోబెట్టే తెలుగువాళ్లకు ఫోన్లు చేయిస్తారు. నంబరు చూసి నమ్మడమూ కుదరదు. 2025లో రామగుండం కమిషనరేట్ పోలీసులు మంచిర్యాల జిల్లా జన్నారంలో ఒక సిమ్ బాక్సు ముఠాను పట్టుకున్నారు. విదేశం నుంచి చేసిన కాల్ మన ఫోన్లో మామూలు పది అంకెల లోకల్ నంబరుగా కనబడేటట్టు చేసే పరికరమది. జన్నారం మనకేం దూరం?

ఇంతవరకు ఇంటి సంగతి. ఈ సంపాదకీయం అసలు భయం దానికన్నా పెద్దది. ఇంట్లో ఏపీకే ఫైలు తెరిచిన ఆ వేలే పొద్దున ఫస్ట్ షిఫ్టులో ఆఫీసు కంప్యూటర్ మీద పాస్‌వర్డ్ కొడుతుంది.

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో జరిగింది ప్రతి జీఎం ఆఫీసులో చదివి వినిపించాల్సిన కథ. 2022 జనవరిలో, వారాంతపు సెలవుల్లో, ఆ బ్యాంకు నుంచి 12.48 కోట్లు ఎగిరిపోయాయి. తాళం ఊడింది మాత్రం ఆ రోజు కాదు. అంతకు రెండు నెలల ముందే, 2021 నవంబరులో, ఉద్యోగులకు దొంగ ఈమెయిళ్లు వచ్చాయి. ఒకరిద్దరు తెరిచారు. దొంగలు తొందరపడలేదు. లోపలే ఉండి ఎవరి లాగిన్‌తో ఏ పని అవుతుందో గమనించి, అనువైన సెలవు దినం చూసుకున్నారు. పెద్ద అధికారాలున్న లాగిన్లు పదిదాకా ఉన్నాయనీ, వాటిలో కొన్నింటికి పాస్‌వర్డ్ ఒకటేననీ, ఒక కంప్యూటర్‌లో దూరినవాడు మొత్తం నెట్‌వర్క్‌లో తిరగకుండా ఆపే అడ్డుగోడలు లేవనీ తర్వాత హైదరాబాద్ పోలీసులు తేల్చారు. రిజర్వు బ్యాంకు 2023లో 65 లక్షల జరిమానా వేసింది. ఆ రెండు నెలల్లో ఒక్క ఉద్యోగి ‘అయ్యా, నేనొక తప్పుడు మెయిల్ తెరిచాను’ అని భయం లేకుండా చెప్పగలిగి ఉంటే కథ మరోలా ఉండేది.

ప్రభుత్వ రంగ సంస్థలకు మినహాయింపేమీ లేదు. 2015లో ఓఎన్‌జీసీని దోచుకున్నవాళ్లు గోడలు దూకలేదు, అసలు చిరునామాను పోలిన దొంగ ఈమెయిల్ చిరునామా పెట్టుకున్నారు. సరుకు సౌదీ కంపెనీకి పోయింది, 197 కోట్లు దొంగల ఖాతాకు పోయాయి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలోని ఆయిల్ ఇండియా కంప్యూటర్లకు ర్యాన్సమ్‌వేర్ తగిలితే 75 లక్షల డాలర్లు అడిగారు. అదే ఏడాది నవంబరులో ఇలాంటి దాడితోనే ఢిల్లీ ఎయిమ్స్‌లో రోగుల చీటీలు మళ్లీ చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మెయిల్ కూడా పాతబడింది. 2024లో హాంకాంగ్‌లో ఆరప్ కంపెనీ ఉద్యోగి ఒకరు వీడియో మీటింగ్‌లో తన పైఅధికారులను చూసి, వాళ్లు చెప్పినట్టే సుమారు రెండున్నర కోట్ల డాలర్లు పంపించాడు. ఆ మీటింగ్‌లో కనబడినవన్నీ ఏఐతో తయారు చేసిన మొహాలే.

డబ్బుతోనే ఆగితే అదొక లెక్క. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లను ర్యాన్సమ్‌వేర్ మూసేసింది. చైనా ముఠా ఒకటి భారత విద్యుత్ వ్యవస్థలో తిరుగుతోందని 2021లో రికార్డెడ్ ఫ్యూచర్ అనే సంస్థ బయటపెట్టిన జాబితాలో తెలంగాణ లోడ్ డిస్పాచ్ కేంద్రం పేరుంది, ఎన్టీపీసీ పేరూ ఉంది. ఇప్పుడు రామగుండం చుట్టూ చూడండి. ఎన్టీపీసీ పాత ప్లాంటు 2,600 మెగావాట్లు, దాని పక్కనే తెలంగాణ ప్లాంటు 1,600. గోదావరి అవతల జైపూర్‌లో సింగరేణి సొంత ప్లాంటు 1,200. ఎరువుల ఫ్యాక్టరీ ఆర్‌ఎఫ్‌సీఎల్ ఇక్కడే. అడ్రియాల లాంగ్‌వాల్‌లో జర్మనీ నుంచి వచ్చిన యంత్రాలు బొగ్గు కోస్తున్నాయి. దేశంలో ఇంత కరెంటు, ఇంత ఎరువు, ఇంత బొగ్గు ఒక్కచోట ఉన్న ఊళ్లు చాలా తక్కువ. యంత్రాలను నడిపే నెట్‌వర్క్, ఆఫీసు మెయిల్ నడిచే నెట్‌వర్క్ ఎక్కడా కలవకుండా ఉన్నాయా అని ఈ సంస్థల్లో ప్రతి ఏడాదీ బయటివాళ్లతో పరీక్ష చేయించి, ఫలితాన్ని బోర్డు ముందు పెట్టాలి. 2019లో కూడంకుళంలో చొరబడిన వైరస్ రియాక్టర్ దాకా పోలేదంటే అక్కడ రెండు నెట్‌వర్కులు వేరుగా ఉండబట్టే.

ఈ గడ్డకు భద్రత అంటే ఏంటో ఎవరూ నేర్పక్కర్లేదు. 2003 జూన్ 16న ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూకి 17 మంది పోయారు, ఆ కుటుంబాలు ఇంకా ఈ ఊళ్లలోనే ఉన్నాయి. బాయిలో ఒక పద్ధతి ఉంది. గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు తీసేయాలి, జీఎం అనుమతి కోసం ఆగే పనిలేదు. ప్రమాదం కనబడితే మనుషుల్ని బయటికి పంపే అధికారం ఓవర్‌మన్‌కు, సర్దార్‌కు ఉంది. ఉత్పత్తి ఆగిందని వాళ్లనెవరూ తిట్టడానికి లేదు. కంప్యూటర్ ముందున్న క్లర్కుకు ఆ అధికారం ఎవరిచ్చారు? తెర మీద ఏదో తేడాగా ఉందని వైరు పీకితే అతనికి మెమో వస్తుందా, మెచ్చుకోలు వస్తుందా? ఈ ప్రశ్నకు ఏ సంస్థలో జవాబు లేదో అక్కడ దొంగకు రెండు నెలలు దొరుకుతాయి.

రెండో సంగతి కాంట్రాక్టు మనుషులది. 2024లో సింగరేణి మొదటిసారి 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5 వేలు ఇచ్చింది. లాభంలో లెక్కకు రావడానికి వాళ్లకు అన్నేళ్లు పట్టింది. సైబర్ శిక్షణలో మాత్రం ఎక్కడ చూసినా చివరి వరుసే వాళ్లది. టెండరు మారితే ఆపరేటర్ మారతాడు, పాత లాగిన్ మిగిలిపోతుంది. యంత్రం అమ్మిన కంపెనీ దూరం నుంచి రిపేరు చేయడానికి పెట్టుకున్న కనెక్షన్ పనయ్యాక కూడా తెరిచే ఉంటుంది. 2021లో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయేలా చేసిన దొంగలు వాడకంలో లేని ఒక పాత లాగిన్‌తోనే లోపలికొచ్చారు.

చేయాల్సినవి ఈ వారమే మొదలుపెట్టొచ్చు. పనిలో లేనివాళ్ల లాగిన్లన్నీ తీసేయండి. బ్యాంకు ఖాతా నంబరు మార్చమని సరఫరాదారు నుంచి ఉత్తరం వస్తే, పాత ఫైల్లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి ఇద్దరు సంతకం పెట్టనిదే మార్చొద్దు. బ్యాకప్ ఒకటి నెట్‌వర్క్‌కు తగలకుండా వేరేచోట పెట్టండి, దాన్నుంచి సిస్టమ్ మళ్లీ లేస్తుందో లేదో ఒకసారి నడిపి చూడండి. దాడి బయటపడితే ఆరు గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలన్నది 2022 నుంచి ఉన్న నియమం. ఆదివారం రాత్రి రెండు గంటలకు ఆ ఫోన్ ఎవరు చేస్తారో పేరు రాసి గోడకు పెట్టండి. రక్షణ పక్షోత్సవాల తనిఖీ బృందం వర్క్‌షాపు, సీహెచ్‌పీ చూసినట్టే టైమాఫీసు కంప్యూటర్‌నూ చూడాలి. ఈ డిమాండు గుర్తింపు సంఘం వచ్చే స్ట్రక్చర్డ్ మీటింగులో పెట్టాలి.

ఇంట్లో పైసలు పోతే మొదటి ఫోన్ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కే. యూనియన్ లీడర్‌కు, బావమరిదికి, బ్యాంకు మేనేజర్‌కు ఆ తర్వాత చెప్పుకోవచ్చు. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పాకే ఆ గంటలోనే దాన్ని ఆపగలరు. పరువు పోతుందని రాత్రంతా దాచుకుంటే పొద్దున్నకు ఖాతాలో మిగిలేదేం ఉండదు. వచ్చిన మెసేజ్‌లు చెరపకండి, అదే ఫోన్ పట్టుకుని రామగుండం సైబర్ క్రైమ్ స్టేషన్‌కు పోండి.