అత్తగారి పేరు, కోడలి పేరు

మన ఇళ్ళలో పూర్వం ఒక ఆచారం వుండేది. అత్తా కోడళ్ళ పేరు ఒకటే అయితే, కాపురానికి వచ్చిన పిల్లకు మరో పేరు పెట్టేసేవారు. లేకపోతే కొడుకు భార్యను పిలిస్తే తల్లి పలుకుతుంది గదా! కంప్యూటరు ఫైళ్ళకూ ఈ ఆచారం అవసరమేనని ఆర్మూరులో మాకు తెలిసిన ఒక పసుపు రైతు ఇంట్లో అనుభవమైంది.

కొడుకు హైదరాబాదులో చదువుతున్నాడు. తన లైనక్సు కంప్యూటరులో తండ్రి లెక్కలు రెండు ఫైళ్ళుగా రాశాడు. రెంటికీ 'పసుపు' అనే ఇంగ్లీషు అక్షరాల్లో పేరు. మొదటి అక్షరం పెద్దదైతే అమ్మకాలు, చిన్నదైతే కూలీల ఖర్చు. లైనక్సుకు అవి వేర్వేరు పేర్లే. ఇంట్లోని విండోసుకూ, పెన్ డ్రైవుకూ మాత్రం రెండూ ఒకటే. "ఈ పేరుతో ఇదివరకే వుంది, దాని స్థానంలో దీన్ని పెట్టనా?" అని యంత్రం అడిగితే అబ్బాయి తొందరలో "ఊఁ" అన్నాడు. అసలు ప్రతులు కూడా చెరిపేశాడు. అమ్మకాల లెక్క కాస్తా పోయింది. తక్‌పట్టీలు ముందేసుకుని తండ్రీ కొడుకులు రెండు రాత్రులు మళ్ళీ రాసుకున్నారు.

ఎవరింటి మడి వారిది మరి. 1981లో వచ్చిన డాసు పేరుకు ఎనిమిది అక్షరాలూ, చుక్క తర్వాత మూడూ మాత్రమే ఇచ్చేది. 1995లో విండోసు 95 ఆ కట్టు సడలించింది. అయినా కోలను, ప్రశ్నార్థకం, నక్షత్రపు గుర్తు మొదలైన తొమ్మిది గుర్తులను విండోసు నేటికీ గడప తొక్కనివ్వదు. లైనక్సులో 'ధర 10:30' అని పేరు పెడితే విండోసు అందుకోదు.

"తెలుగులో పేరు పెట్టుకోకూడదా?" అంటారేమో. నిక్షేపంగా పెట్టుకోండి. కాని లైనక్సులో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు ఖర్చు. పేరు మొత్తానికి హద్దు 255. 'పసుపు'కే 15 పోతాయి. విండోసులో పట్టిన పొడుగాటి పేరు అక్కడ పట్టకపోవచ్చు. 2017లో కొత్త పద్ధతి వచ్చేదాకా మాకింతోషుది మరో తమాషా. 'రైతు'లోని ఐత్వాన్ని రెండు గుర్తులుగా విడదీసి దాచేది. ఆ ఫైలు మరో యంత్రానికి వెళితే, కంటికి అదే పేరు, వెతికితే దొరకదు!

అంచేత నా సలహా ఇది. ఇంగ్లీషులో అయితే అన్నీ చిన్న అక్షరాలే వాడండి. గుర్తుల జోలికి పోక, అంకెలూ అడ్డగీతా చాలుననుకోండి. తేదీని 2025-02-10 అని ఏడాది ముందు వేస్తే ఫైళ్ళు వరుసగా నిలబడతాయి కూడా. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ ఎన్ని ఫైళ్ళున్నాయో ఇక్కడికి అన్నీ వచ్చాయో లేదో లెక్కపెట్టి, ఒకటి రెండు తెరిచి చూసుకునేదాకా అసలును చెరపకండి.

పిల్లకు పేరు పెట్టేటప్పుడే రేపు వెళ్ళే ఇల్లు తలుచుకుంటే మంచిది. ఫైలుకైతే మరీనూ. కొత్త ఇంట్లో దానికి మరో పేరు పెట్టే పెద్దలుండరు!