చరిత్రశోధనమునందలి యానందము

చరిత్రపాఠ మనగానే మన బాలబాలికలలో ననేకుల ముఖములు చిన్నబోవుట మే మెరుగుదుము. రాజుల పేరులును, యుద్ధముల తేదీలును వల్లించి పరీక్షయం దప్పగించుటయే చరిత్ర యని వారు తలంచుచున్నారు. కథలు వ్రాయువానికి చరిత్రతో పనియేమి, కల్పింప నేర్చిన చాలదా యని యడుగు పెద్దలును గలరు. ఈ రెండభిప్రాయములును సరికావని మా తలంపు. రష్యాదేశపు నవలాకర్త లియో టాల్‌స్టాయి (1828-1910) యనుభవమే యిందుకు తార్కాణము.

1825లో చక్రవర్తిపై తిరుగుబాటు జరుగగా, సైబీరియాకు పంపబడి 1856లో ముసలివాడై మరలివచ్చిన యొకని కథను వ్రాయవలెనని యాయన మొదట నుద్దేశించెను. ఆ వృద్ధుని గ్రహించుటకు వాని యౌవనమును దెలిసికొనవలసివచ్చెను. యౌవనమును దెలియుటకు నెపోలియను దండెత్తిన 1812వ సంవత్సరమును, ఆ విజయమును దెలియుటకు దానికి ముందటి 1805 నాటి పరాజయమును వెదకవలసివచ్చెను. ఇట్లు వెనుకకు నడచిన ఫలమే 1869లో ముగిసిన “యుద్ధము - శాంతి” యను మహానవల. బావి త్రవ్వువానికి తడిమన్ను తగిలిన కొలది చేయి చురుకెక్కునట్లు, ఒక ప్రశ్న వేరొక ప్రశ్నను బుట్టించుటయే యిందలి రుచి.

పాతలేఖలు, స్మృతిగ్రంథములు, వ్రాతప్రతులు చదివియు నాయనకు తనివితీరలేదు. 1812 సెప్టెంబరు 7వ తేదీన బొరొడినోయొద్ద జరిగిన పోరులో ఉభయసేనలలో హతులును క్షతగాత్రులును గలిసి సుమారు 70,000 మంది. మాస్కోకు సుమారు 120 కిలోమీటర్ల దూరమున నున్న యా రణభూమికి 1867లో టాల్‌స్టాయి తన చిన్న బావమరదిని వెంటబెట్టుకొని వెడలెను. రెండు దినములు పొలములు తిరిగి, నేల యెత్తుపల్లములను జూచి, చిత్రపటము గీసికొనెను. అట్టి పట మొకటి నవలలోనే యచ్చయినది. సేనలు నిలిచిన స్థానమునుగూర్చి పూర్వులు వ్రాసినది తప్పని యాయన వాదించెను. చరిత్రకారు లందరును దాని నొప్పుకొనలేదు. అయినను ఆ నేలను స్వయముగా ద్రొక్కి చూచినవాని మాటకు బలముండును గదా! ఈ యాత్ర తన కెంతయో తృప్తి నిచ్చినదని యాయన భార్యకు వ్రాసెను.

ఈ యానందమున నొక యపాయమును గలదు. తరువాత పీటరు చక్రవర్తి కాలమునుగూర్చి నవల వ్రాయదలచి, ఎన్నియో గ్రంథములు చదివి, ఎన్నియో మారులు మొదలుపెట్టి, 1873లో టాల్‌స్టాయి దానిని విడిచిపెట్టెను. శోధన మెంత చేసినను, ఆ కాలపు మనుష్యులు రచయిత మనస్సున సజీవులై నిలువనిచో నవల పుట్టదు. అయినను ఆ శ్రమ వ్యర్థమని మే మనము. తనకు తెలియనిదానిని దెలిసినట్లు వ్రాయక మానుకొనుటయు సత్యసంధతయే. మృతులు మనకు బదులు చెప్పలేరు. కావున వారినిగూర్చి యిష్టము వచ్చినట్లు వ్రాయుట నోరులేనివానిపై నేరము మోపుటవంటిది.

విద్యార్థులారా, బొరొడినోలో టాల్‌స్టాయికి గలిగిన నిరాశ నొకదానిని వినుడు. ఆ యుద్ధమును కన్నులార జూచిన వృద్ధు డచ్చట స్మారకస్తంభమునకు కావలియుండెడివాడు. వానిని కలిసికొన గోరి విచారింపగా, కొలదికాలము క్రిందటనే మరణించెనని తెలిసెను. గ్రంథములు కాచుకొనియుండును గాని మనుష్యులు కాచుకొనియుండరు.

మీ యిండ్లలో తాతలును, అమ్మమ్మలును, నాయనమ్మలును గలరు. ఈ సెలవులలో వారియొద్ద గూర్చుండి, వారు చదివిన బడి యెట్టిది, కరవు వచ్చినప్పుడేమి తినిరి, ఊరి చెరువు నెవరు త్రవ్వించిరి యని యడుగుడు. విన్నదానిని తేదీవేసి వ్రాసికొనుడు. ఇద్దరు రెండువిధముల జెప్పినచో మూడవవారి నడుగుడు. తలిదండ్రులారా, పిల్లల ప్రశ్నలకు విసుగుకొనకుడు. అట్లు చేసిన పిమ్మటను చరిత్ర చప్పనిదని మీ బిడ్డలలో నొక్కరైన నందురేని, మా యభిప్రాయమును మార్చుకొనుటకు మేము సిద్ధము.