గాజు తొట్టిలో సముద్రం

ఉప్పునీటి అక్వేరియం కొనడానికి దుకాణానికి వెళ్లిన వారు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. తొట్టి ఎంత, దీపాలు ఎంత, చేప ఎంత? ఈ జీవి ఎక్కడి నుంచి వచ్చినదన్న నాలుగో ప్రశ్న బిల్లు చెల్లించిన తరువాత కూడా చాలామందికి తట్టదు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వంటి నగరాలలో ముందుగదిలో పగడపు తొట్టి నిలుపుకోవాలన్న మోజు కనిపిస్తున్న ఈ రోజులలో, ఆ నాలుగో ప్రశ్ననే మొదట అడగవలసి ఉన్నది.

మంచినీటి రంగుచేపలలో అత్యధిక భాగం చెరువులలోను, తొట్లలోను పెంచినవే. సముద్రపు అలంకార చేపల సంగతి వేరు. వీటిలో అత్యధిక భాగాన్ని నేటికీ పగడపు దిబ్బల వద్దే పట్టి తెస్తున్నారు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం ఆధ్వర్యంలో 2003లో వెలువడిన నివేదిక ప్రకారం ఏటా 2 కోట్ల నుంచి 2.4 కోట్ల వరకు సముద్రపు అలంకార చేపలు, 1.1 కోట్ల నుంచి 1.2 కోట్ల వరకు పగడపు ముక్కలు ప్రపంచ విపణిలో చేతులు మారేవి. దక్షిణాసియాలో శ్రీలంక, మాల్దీవులు ఈ చేపలకు పేరొందిన ఎగుమతిదారులు. ఫిలిప్పీన్స్‌లో 1960 దశకం నుంచి సైనైడ్ చల్లి చేపలను మత్తులో ముంచి పట్టే పద్ధతి వ్యాపించింది. ఆ విషానికి చేపతోపాటు దిబ్బ కూడా చచ్చిపోతుంది.

మన దేశంలో ఈ వ్యవహారానికి చట్టం ముడి కూడా ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు చేరాయి. నీటిగుర్రాలు కూడా అదే జాబితాలో ఉన్నాయి. అంటే చట్టం దృష్టిలో పగడపు ముక్క పులితో సమానం. 2022 సవరణ తరువాత ఈ షెడ్యూలు జీవుల విషయంలో నేరానికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా విధించవచ్చు. దుకాణాలలో ‘లైవ్ రాక్’ పేరిట అమ్మే రాయి చాలావరకు చచ్చిన పగడపు అస్థిపంజరమేనన్న సంగతి కొనేవారిలో ఎందరికి తెలుసో! (ఉంగరంలో పొదిగే ఎర్రపగడం మధ్యధరా సముద్రానికి చెందిన వేరొక జాతి. దానికీ దీనికీ ముడిపెట్టనవసరం లేదు.)

ఈ కాఠిన్యానికి కారణం లేకపోలేదు. తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలో దశాబ్దాలపాటు సున్నం కోసం, కట్టడాల కోసం పగడాలను తవ్వుకుపోయారు. అక్కడి 21 దీవులలో రెండు నీట మునిగిపోవడానికి ఈ తవ్వకం ఒక ముఖ్య కారణమని చెబుతారు.

తొట్ల వ్యాపారం వల్ల జరిగే నష్టం సముద్రం వేడెక్కడం వల్ల జరిగే నష్టం ముందు ఏపాటిదని అభిరుచిపరులు వాదిస్తారు. ఈ వాదనలో నిజం ఉన్నది. 1998, 2010, 2016 సంవత్సరాలలో వేడికి పగడాలు తెల్లబారాయి. 2024లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఈ ఉపద్రవం సంభవించినట్లు శాస్త్రజ్ఞులు ప్రకటించిన సమయంలోనే లక్షద్వీప్ పగడాలు కూడా పాలిపోయాయి. ‘తెల్లబారడం’ అని వార్తలలో తెనిగించే ఈ మాట చాకలి పద్దులో మాటలా వినిపిస్తుంది గాని, నిజానికి తమకు ఆహారం అందించే సూక్ష్మ శైవలాలను పగడాలు వెళ్లగొట్టి ఆకలితో మిగిలిపోవడమే అది. అయితే జ్వరంతో మంచం పట్టిన వానిపై చేయిచేసుకుని, జ్వరం కంటె నా దెబ్బ చిన్నదే కదా అనడం ఏ పాటి న్యాయం?

మరి సముద్రపు తొట్టి పెట్టుకోనే కూడదా అంటే, నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. నారింజరంగుపై తెల్లచారల క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ స్థానిక మహిళలకు అలంకార రొయ్యల పెంపకంలో శిక్షణ ఇచ్చింది. పట్టిన చేపకు బదులు పెంచిన చేపను కొన్నప్పుడు ఆ రూపాయి ఇటువంటి దీవులలో ఉపాధిగా మారే అవకాశం ఉన్నది. పైగా హేచరీ చేప గుళికల మేతకు ముందే అలవాటు పడి ఉంటుంది. సముద్రం నుంచి తెచ్చిన చేప మేత ముట్టక చనిపోవడం తరచూ జరిగేదే. క్లౌన్ చేపకు సముద్రపు పుష్పం తోడు తప్పనిసరి అన్నది కూడా అపోహ. అది లేకుండానే తొట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది.

తొట్టి విషయంలో చిన్నది చవక అన్న లెక్క పనికిరాదు. నీరు తక్కువైన కొద్దీ ఉప్పు, వేడి త్వరగా మారిపోతాయి. 200 లీటర్ల తొట్టి ఆరంభకులకు అనువైనది. అందులో నీటి బరువే 200 కిలోలు గనుక మామూలు బల్ల ఆగదు. లీటరుకు 35 గ్రాముల వంతున మొదటిసారి 7 కిలోల సముద్రపు ఉప్పు మిశ్రమం కావాలి. వంటింటి ఉప్పు దీనికి పనికిరాదు. వారానికి పదో వంతు నీరు మార్చితే ఏడాదికి మరొక 36 కిలోల ఉప్పు ఖర్చవుతుంది. ఆవిరైన నీటికి బదులు మంచినీరే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు.

ఆ మంచినీరు ఆర్‌ఓ యంత్రం నుంచి రావాలి. ఒక బిందె శుద్ధ జలానికి రెండు మూడు బిందెలు వృథాగా పోయే యంత్రమది. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధులలో నివసించేవారు ఈ లెక్క వేసుకున్న తరువాతనే కోరికను బయటపెట్టడం మంచిది. తొట్టి నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి మన ఎండలకు చిల్లర్ తప్పదు. దాని ధర తరచూ తొట్టి ధరను మించుతుంది. కరెంటు పోయినప్పుడు గాలి అందించేందుకు బ్యాటరీ పంపు కూడా అవసరమే.

వీటన్నిటికంటె కష్టమైనది నిరీక్షణ. చేపల వ్యర్థం నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు తొట్టిలో చేప ఉండరాదు. ఒకే రోజున తొట్టినీ చేపనూ కలిపి అమ్మే దుకాణదారు వారం తిరగకుండానే రెండో చేపను కూడా అమ్మగలడు.

అడుగున పగడపు రాయికి బదులు సిరామిక్ రాయి వేసుకోవచ్చు. బ్యాక్టీరియాకు కావలసింది సందులే గాని పగడం కాదు. పిల్లలు సినిమాలో చూసి మారాం చేసే నీలిరంగు టాంగ్ చేప ఒక అడుగు పొడవు పెరుగుతుంది గనుక ఈ తొట్టికి తగదు. ‘ఇంపోర్టెడ్ అండీ’ అన్న సమాధానం చేప దిగిన విమానాశ్రయాన్ని గురించి చెబుతుందే తప్ప దాని పుట్టుకను గురించి చెప్పదు. హేచరీ పేరు బిల్లు మీద రాసివ్వని దుకాణంలో తొట్టి, ఉప్పు, పంపు కొనుక్కుని, చేపను మరొక చోట కొనవచ్చు. తొట్టి సిద్ధమయ్యేలోగా అందుకు ఆరు వారాల వ్యవధి ఎలాగూ ఉన్నది.