ఒకే చేప, రెండు లెక్కలు

2024 సెప్టెంబరులో ఒక చేప దౌత్య వివాదమైంది. దుర్గాపూజకు భారత్‌కు ఇలిశ పంపబోమన్న ఢాకా తాత్కాలిక ప్రభుత్వం, ఆ తర్వాత 3,000 టన్నుల ఎగుమతికి అనుమతించింది. స్నేహానికి కొలమానంగా, అలకకు ఆయుధంగా ఇలిశను వాడుకున్న ఆ రాజకీయ వాగ్వాదంలో అసలు ప్రశ్న మాత్రం వినిపించలేదు: బంగాళాఖాతంలో ఇంకా ఎంత ఇలిశ మిగిలి ఉంది?

గోదావరి జిల్లాలు పులసగా నెత్తిన పెట్టుకునేదీ ఈ జాతి చేపనే. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టేందుకు మేఘన, పద్మ, హుగ్లీ, గోదావరులకు ఎదురీదే ఈ చేపకు సరిహద్దులు పట్టవు. ప్రభుత్వాలకు మాత్రం సరిహద్దుకు ఇవతల పట్టిన టన్నులే లెక్క.

బంగ్లాదేశ్‌లో ఇలిశ దిగుబడి 2002-03లో సుమారు 2 లక్షల టన్నులు. 2022-23 నాటికి 5.71 లక్షలు. పిల్ల చేపల వేటపై నిషేధం, అక్టోబరులో గుడ్ల కాలపు 22 రోజుల విరామం వంటి చర్యలను తక్కువ చేయనవసరం లేదు. అయితే మరుసటి ఏడాదే దిగుబడి 5.29 లక్షలకు పడిపోయింది. ఎందుకన్నది టన్నుల లెక్క చెప్పలేదు. పడవలు రెట్టింపై దిగుబడి నాలుగో వంతే పెరిగిందనుకుందాం. అది కాగితంపై వృద్ధి. పడవకు దక్కే చేప మూడో వంతుకు పైగా తగ్గిన వాస్తవం ఆ కాగితంపై కనిపించదు. పట్టిన చేపల పొడవు, వయసు, వేట తీవ్రత, గుడ్లు పెట్టే తల్లి చేపల వాటా కలిపి చూస్తేనే సంతతి ఆరోగ్యం తెలుస్తుంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ నిల్వలను అతిగా అంచనా వేసిన ప్రభుత్వం, 1992లో వేటనే నిషేధించాల్సి వచ్చింది. వేలాది కుటుంబాల జీవనాధారం ఒక్కసారిగా పోయింది.

భారత్‌లో అంచనాలు లేకపోలేదు. 2022లో పరిశీలించిన 135 చేప నిల్వల్లో 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రకటించింది. ఆ కృషి విలువైనదే. కానీ రెండు దేశాల జలాల్లో తిరిగే చేపకు ఒక దేశపు వైద్యుడు సగం నాడి పట్టి ఇచ్చే ధ్రువపత్రం చాలదు.

ఉమ్మడి ఆలోచన లేనందుకు మూల్యం ఎవరు చెల్లించారు? భారత తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. బంగ్లాదేశ్‌లో మొన్నటిదాకా మే 20 నుంచి జులై 23 వరకు. తాము ఒడ్డున పస్తులుంటే భారత పడవలు వేటాడుతున్నాయని అక్కడి మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2025లో గానీ ఢాకా తన నిషేధాన్ని ఏప్రిల్ 15 - జూన్ 11కు మార్చలేదు. ఇప్పటికీ పట్టకూడని పిల్ల చేప పొడవు బంగ్లాదేశ్‌లో 25 సెంటీమీటర్లలోపు, పశ్చిమ బెంగాల్‌లో 23 సెంటీమీటర్లలోపు. చేప ఒకటే, చట్టాలు రెండు.

ఆంధ్రప్రదేశ్‌లో వేట నిషేధ భృతి 2025లో 10,000 రూపాయల నుంచి 20,000కు పెరిగింది. అది న్యాయమే. ఎవరు ఎక్కువిచ్చారన్న పార్టీల పోటీలో, నిషేధం ముగిశాక వలలో పడేదెంత అన్న మాటకు చోటు లేదు. చేపే లేని సముద్రానికి ఏ భృతీ ప్రత్యామ్నాయం కాదు.

2014లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ తీర్పు ఇరుదేశాలకు సముద్రాన్ని పంచింది. ఆ తీర్పును గౌరవించిన ప్రభుత్వాలకు, అందులోని చేపను కలిసి లెక్కించడం అసాధ్యం కాదు. రెండు దేశాలూ సభ్యులుగా ఉన్న బంగాళాఖాత మత్స్య కార్యక్రమం చెన్నైలోనే ఉంది. ఏటా ఉమ్మడి అంచనా, బహిరంగ గణాంకాలు, వాటి ఆధారంగా ఒకే వేట పరిమితి: ఢిల్లీ, ఢాకా చేయవలసింది ఇది. అంతవరకు పండుగకు పంపే ఇలిశ కానుక కాదు, రెండు దేశాలూ లెక్క చూడకుండా ఖర్చు చేస్తున్న ఉమ్మడి ఆస్తి.