మన నడుముకి మిషన్ కొన్నాం, ఆవిడ చేతికి కత్తిపీటే వదిలేశాం

ఇవ్వాళ ఎరువుల గురించీ కాదు, కాలవ నీళ్ల గురించీ కాదు. ఉల్లిపాయలు తరగడం గురించి రాస్తున్నాను. ఆడాళ్ల గొడవ మనకెందుకులే అని పక్కకి జరపబాకండి. ఇది మగాళ్ల గొడవే.

మొన్న కనుమకి మా ఇంట్లో పద్నాలుగు మందిమి. కనుమ నాడు మినుము తినాలి కదా, గారెలు, అందులోకి కోడికూర. మినుములు మా చేలోవే. పొద్దున్నే ఐదింటికి మా ఆవిడ కత్తిపీట వేసుకుని కింద కూర్చుంది. కూరలోకి, గారెల్లోకి, పెరుగు పచ్చట్లోకి అన్నీ కలిపి మూడు కిలోల ఉల్లిపాయలు. పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర వేరే. నేను అరుగు మీద బావగార్లతో కూర్చుని, ఈసారి కోత మిషన్ వాడు గంటకి ఎంత గుంజాడో లెక్కలు చెప్తున్నా.

ఇంతలో లోపల్నుంచి "మామయ్యా, ఒకసారి రండి" అని కోడలి కేక. వెళ్లి చూస్తే ఉల్లి ముక్కల మీద రక్తం. బొటనవేలు లోతుగా తెగింది. ఆవిడ పసుపు అద్ది గుడ్డపీలిక చుట్టుకుంటా "ఏం కాలేదులెండి, మీరెళ్లి కూర్చోండి" అంది.

నేను వెళ్లి కూర్చున్నాను కూడా. నాకు సిగ్గేసేది ఆ వేలు తెగినందుక్కాదు, వెళ్లి కూర్చున్నందుకు.

ఎందుకంటే దసరాకే ఆవిడ అడిగింది. "ఏమండీ, కరెంటుతో ముక్కలు చేసే చిన్న డబ్బా వస్తోందంట, మా చెల్లెలు కొనుక్కుంది, ఒకటి తెస్తారా" అని. నేనేమన్నానో తెలుసా? "మా అమ్మ ఏ మిషన్ లేకుండా ఇంతమందికి వండిపెట్టలా? మీకే చేతులు పడిపోయినయ్యా?" అన్నాను. అదే నెలలో నేను బ్యాటరీ స్ప్రేయర్ కొన్నాను. చేత్తో పంపు కొడుతుంటే భుజం లాగేస్తోందని.

ఇప్పుడు మీరే చెప్పండి. మా అమ్మ చేసిందని ఆవిడ చెయ్యాలంటే, మా తాత చేసిందంతా నేనూ చెయ్యాలిగా? మా తాత గూడ వేసి నీళ్లు తోడాడు. మా నాన్న కొడవలితో కోసి, కుప్పేసి, నూర్చాడు. నేను ఇంజను పెట్టి తోడుతున్నాను. ట్రాక్టరుతో దమ్ము చేయిస్తున్నాను. మిషన్‌తో కోయిస్తున్నాను. ఈ మధ్య డ్రోన్‌తో మందు కొట్టించాలని కూడా చూస్తున్నాను. నన్నెవరూ సోమరిపోతు అనలేదు. ఆదర్శ రైతు అన్నారు! పొలంలో కష్టం తగ్గించుకుంటే అది తెలివి, వంటింట్లో తగ్గించుకుంటే బద్ధకం. ఈ న్యాయం ఎవరు రాశారండీ?

కోత మిషన్ సంగతే తీసుకుందాం. మనం వరి కోతకి ముందే చేలో మినుము చల్లుకునే వాళ్లం. మిషన్ దిగితే మినుము మొలక చక్రాల కింద నలుగుద్దని మనకి తెలుసు. గడ్డి పశువులకి మునుపటిలా పనికిరాదనీ తెలుసు. అయినా దింపాం. కూలీలు దొరకట్లేదు, వాన ముంచుకొస్తోంది, ఏం చేస్తాం అని సర్దుకున్నాం. అంటే మన మిషన్‌కి లోపాలున్నా సర్దుకుంటాం. ఆవిడ మిషన్‌కి మాత్రం వంద వంకలు పెడతాం. ఆ వంకలేంటో వరసగా చూద్దాం.

మొదటిది: రుచి పోద్ది. పచ్చడి రోట్లో నూరితేనే పచ్చడి, ఒప్పుకుంటా. గోంగూర పచ్చడి నాకూ రోటిదే కావాలి. కానీ చాపర్ పచ్చడి నూరడానికి కాదు, ముక్కలు చెయ్యడానికి. కత్తిపీట మీద తరిగిన ఉల్లిపాయకీ, చాపర్‌లో ముక్కలైన ఉల్లిపాయకీ తాలింపులో తేడా చెప్పగలిగిన మొనగాడు మన ఊళ్లో ఉంటే రమ్మనండి. ఇంకోమాట. రోటిపచ్చడే కావాలనే మనలో పొత్రం పట్టినవాడు ఎంతమంది? రుచి మనది, రెక్కలు ఆవిడవి.

రెండోది: కరెంటు బిల్లు. లెక్క వేద్దాం. 300 వాట్ల చాపర్ రోజు మొత్తం మీద 5 నిమిషాలు తిరిగిందనుకోండి. ఒక యూనిట్ కాలడానికి 40 రోజులు పడుద్ది. మన 5 హెచ్‌పీ మోటారు ఒక్క గంటకి దాదాపు 4 యూనిట్లు తాగుద్ది. అంటే మోటారు ఒక గంట తాగే కరెంటుతో ఆవిడ ఐదు నెలలు ముక్కలు చేసుకోవచ్చు. ఇంకేం బిల్లు?

మూడోది: డబ్బులు. తాడు లాగి తిప్పేది కొన్ని వందల్లో వస్తోంది. కరెంటుది మంచిది వెయ్యి, పదిహేను వందలు అనుకోండి. దోమకి కొట్టే మందు ఒక సీసా ఆ ధర చెప్తే బేరం కూడా ఆడకుండా తెచ్చుకుంటాం.

నాలుగోది: వంట పని చేస్తేనే ఆడాళ్లకి ఆరోగ్యం. ఈ మాట అనేవాడు ముందు స్ప్రేయర్ పక్కన పెట్టి చేతిపంపుతో నాలుగు ఎకరాలు కొట్టి, అప్పుడొచ్చి మాట్లాడాలి. కత్తిపీట ముందు మోకాలు మడిచి గంట కూర్చుని లేచేటప్పుడు మీ ఆవిడ దేన్ని పట్టుకుని లేస్తోందో ఒకసారి గమనించండి. మా ఆవిడ గోడ పట్టుకుంటోంది.

ఇది మన ఊరి సంగతే కాదు. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2024లో దేశమంతా జనం రోజు ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. అదీ ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్ల లెక్కే. అసలు పెట్టనివాళ్లని కూడా కలిపితే మగాళ్ల సగటు ఇంకా పడిపోద్ది. 289 నిమిషాలంటే ఐదు గంటలకి పదకొండు నిమిషాలు తక్కువ. మన ఆడాళ్లు ఆ ఐదు గంటలూ ఇంట్లో చేసి, మళ్లీ కలుపుకీ, మినుము పీకడానికీ చేలోకి వస్తున్నారు. మినుము పీకే రోజు కూలీలకి కాఫీ టిఫినూ ఎవరు చేస్తున్నారు? ఆ తర్వాత వాళ్లతో పాటు వంగేది ఎవరు?

ప్రతి కొత్త వస్తువుకీ మనవాళ్లు ఇలాగే ముక్కు విరిచారు. 1999లో దీపం పథకం కింద ఆడవాళ్ల పేరు మీద గ్యాస్ ఇచ్చినప్పుడు గుర్తుందా? గ్యాస్ పొయ్యి మీద అన్నం తింటే కడుపుబ్బరం అన్నవాళ్లు నాకు తెలుసు. ఇప్పుడు వాళ్లింట్లోనే రెండు సిలిండర్లు. మిక్సీ కథ ఇంకా బాగుంటుంది. 1960ల్లో బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో విదేశీ మిక్సీ మన వంటకి తట్టుకోలేక కాలిపోయింది. మన వంటకి ఆగే మోటారు మీరు చెయ్యలేరా అని భార్య మాధురి ఆయన్ని నిలదీసింది. ఆయన చేసి చూపించాడు. అదే సుమీత్ మిక్సీ అయ్యింది. ఆవిడ అడిగింది, ఆయన విన్నాడు. మనల్ని కనిపెట్టమని ఎవరూ అడగట్లేదు, కొని తెమ్మంటున్నారు. అంతే.

అలాగని ఇది మంత్రదండం అని చెప్పను. నేను సంక్రాంతి వెళ్లిన వారానికి తెచ్చాను, వాడి చూశాను, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా. ఉల్లిపాయని నాలుగు చెక్కలు చేసి వెయ్యాలి. గిన్నె సగానికి మించి నింపకూడదు. మీట నొక్కి వదలాలి, నొక్కి వదలాలి. అలాగే పట్టుకు కూర్చుంటే ముక్కలు కావు, నీళ్లు కారి ముద్దయిపోద్ది. మొదటి రోజు నేను చేసింది అదే. వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి, క్యారెట్టు బాగా వస్తాయి. వంకాయ, బెండకాయ, దొండకాయ కూరకి కావల్సిన తీరులో రావు. కంద చెక్కాలంటే కత్తిపీటే దిక్కు. ఎండు పసుపు కొమ్ముల్లాంటి గట్టివి వేస్తే బ్లేడు పోద్ది. మోటారు ఉన్న పైభాగం నీళ్లలో ముంచకూడదు. కడిగేటప్పుడు బ్లేడు జాగ్రత్త, అది కత్తిపీట కన్నా పదును. పిల్లలకి అందనియ్యబాకండి. కొనేటప్పుడు మూత సరిగ్గా పడితేనే తిరిగేది చూసుకోండి. బ్లేడు, గిన్నె విడిగా దొరుకుతాయా, వారంటీ కాగితం ఇస్తాడా అని అడగండి. స్ప్రేయర్ కొనేటప్పుడు నాజిల్ దొరుకుద్దా అని అడుగుతాం చూడండి, అలాగ.

ఇక అసలు మాట. ఆ డబ్బా ఇంటికొచ్చిన రోజు నేను పెద్ద ఘనకార్యం చేసినట్టు మా ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది. "బానే ఉంది. మరి తొక్క ఎవరు తీస్తారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ మిషన్ తొక్క తియ్యదు, వెల్లుల్లి ఒలవదు, గిన్నె కడగదు. నేను డబ్బులిచ్చి నా వంతు తీర్చేసుకున్నాననుకున్నాను. తీరలేదు. కోత మిషన్ వచ్చినా గట్టు మీద నిలబడి చూసుకోవాల్సింది మనమే కదా, ఇదీ అంతే. వస్తువు కొనడం సగం పనే. రెండో సగానికి మన చేతులు కావాలి.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రం వార్తలు చూసేటప్పుడు ఉల్లిపాయల పళ్లెం నా ముందుకొస్తోంది. ఒలిచి, నాలుగు చెక్కలు చేసి, ఆ మీట నొక్కేదీ నేనే. మా బావగారు చూసి నవ్వాడు. నవ్వనియ్యండి. మొదటిసారి కోత మిషన్ దింపినప్పుడు కూడా గట్టు మీద నిలబడి నవ్విన వాళ్లున్నారు. మర్నాడు వాళ్లే వచ్చి నంబరు అడిగారు.

మీ ఇంట్లో ఆవిడ ఇలాంటిదేదైనా అడిగి ఉంటే, మీరేమని జవాబిచ్చారో ఒకసారి గుర్తుచేసుకోండి. గుర్తొచ్చాక అవనిగడ్డ వెళ్లినప్పుడు మందు సీసాతో పాటు అదీ తెచ్చుకోండి. ఈ రాసింది చదివి నా మీద కోపం వస్తే తిట్టండి, పడతాను. కాకపోతే ముందు అరకిలో ఉల్లిపాయలు ఒలిచి, ఆ తర్వాత తిట్టండి.