తాత పాపం మనవరాలి మెడకా?
సంగంలో పెన్న ఒడ్డునున్న ఒక ఇంట్లో చూసిన కాగితం నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. రెండుసార్లు గర్భం నిలవని కోడలు అత్తను అడిగి నోటుపుస్తకం పేజీ మీద రాసుకుంది: తాత కొలుపులో పొట్టేలును బలిచ్చాడు, అవ్వ సోది చెప్పేది, చిన్నతాత సారాయి కాచాడు. ఉపవాస ప్రార్థనకొచ్చిన బోధకుడు ఇది తరతరాల శాపమనీ, పేరుపేరునా చెప్పి తెంచుకోవాలనీ అన్నాడట. "అవ్వ మంచిదే గదన్నా, నన్నెందుకు పట్టుకుంటాది?" అని ఆ పిల్ల అడిగితే నా గొంతు పట్టేసింది. నిర్గమకాండం 20లో మూడు నాలుగు తరాల మాట ఉంది, నిజమే. ఆ వెంటనే వెయ్యి తరాల కరుణ కూడా ఉంది. దాన్నెవరూ చదివి వినిపించరు. యెహెజ్కేలు 18వ అధ్యాయమైతే పుల్లద్రాక్షల సామెతను కొట్టిపారేయడానికే ఉంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే అడిగితే, వాడి పాపమూ కాదు, కన్నవాళ్ళదీ కాదన్నాడు యేసు. తండ్రి తాగుడు పిల్లల చదువును మింగేస్తుంది, కాదనను. అది తాగుడు చేసిన చేటు, దేవుడు పెట్టిన శాపం కాదు. ఇలాంటి బరువును ఇక్కడి జనం ఒకసారి దించుకున్నారు. 1878 జూలై 3న, ఒంగోలు ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడు, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. పుట్టుకే పాపఫలమన్న మాటను దించుకుని నీళ్ళలోంచి లేచిన జనం వాళ్ళు. వాళ్ళ మునిమనవరాళ్ళ మెడకు అదే బరువు మళ్ళీ కట్టడం ద్రోహం. కోడల్ని నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపించమని అత్తకు చెప్పి వచ్చాను. కాగితం మాత్రం ఆ పిల్ల మడతపెట్టి బైబిల్లోనే ఉంచుకుంది.