ఎర్రర్ నోరు నొక్కితే..?

ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. ఓ కాలేజీ ఫీజు రసీదుల కోసం స్టోర్డ్ ప్రొసీజర్ రాయమన్నారు. అంటే డేటాబేస్ లోపలే ఉండి, పిలిచినప్పుడల్లా నడిచే చిన్న ప్రోగ్రామ్. స్టూడెంట్ నంబరు ఇస్తే పేరు, ఫీజు బాకీ తెచ్చివ్వాలి. నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచింది. కాలేజీ సర్వర్‌లో పెట్టగానే మైఎస్‌క్యూఎల్ అడ్డం తిరిగింది. ఎర్రర్ నంబరు 1172. ఒకటి కంటే ఎక్కువ రికార్డులు వచ్చాయట.

రాత్రి పదయింది. తెల్లారితే కౌంటర్లు తెరుస్తారు. ‘ఎక్కువ వస్తే ఏముంది, ఒక్కటే తెచ్చుకుందాం’ అని క్వెరీ చివర ‘లిమిట్ 1’ తగిలించా. ఎర్రర్ మాయం! హాయిగా పడుకున్నా.

పొద్దున్నే ఫోన్. కౌంటర్‌కి ఎవరొచ్చినా రసీదు మీద ఒకే అమ్మాయి పేరు, ఒకే బాకీ. ఫీజు కట్టడానికి వచ్చిన తల్లిదండ్రులంతా లైన్లో నిలబడిపోయారు. మా టీమ్‌లోని సీనియర్ అక్క నా పక్కన కూర్చుంది.

“ఈ లిమిట్ ఎవరు పెట్టారు?”

“నేనే అక్కా. ఎర్రర్ వస్తోందని...”

“ఒక్క నంబరుకి ఇద్దరు స్టూడెంట్లు ఉంటారా? ఎందుకు ఎక్కువ వచ్చాయో చూడకుండా దాని నోరు నొక్కేస్తే ఎలా?”

అసలు తప్పు ఒక్క లైన్లో ఉంది: ‘వేర్ స్టూడెంట్ ఐడీ = స్టూడెంట్ ఐడీ’. టేబుల్లో కాలమ్ పేరు అదే, నేను ప్రొసీజర్‌కి ఇచ్చిన పారామీటర్ పేరూ అదే. ఇలా పేర్లు కలిస్తే మైఎస్‌క్యూఎల్ రెండింటినీ పారామీటర్ అనే అనుకుంటుంది. ఏ విలువైనా దానికదే సమానం కదా! అందుకే టేబుల్లోని రికార్డులన్నీ వచ్చేశాయి. నా ల్యాప్‌టాప్‌లో టెస్టింగ్‌కి పెట్టుకున్నది ఒకే ఒక్క రికార్డు. అందుకే అక్కడ దొరకలేదు.

ఇంకా నయం, అది సెలెక్ట్. అదే ‘ఫీజు కట్టారు’ అని మార్చే అప్‌డేట్ అయ్యుంటే? ఏ ఎర్రరూ రాదు. కాలేజీ మొత్తం ఫీజు కట్టేసినట్టే!

ఒరాకిల్‌లో రెండింటినీ కాలమ్ అనుకుంటుంది, ఫలితం మాత్రం ఇదే. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ‘ఏది కాలమో తేలడం లేదు’ అని ఆపేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వేరియబుల్ ముందు ‘ఎట్’ గుర్తు తప్పనిసరి కాబట్టి ఈ తంటా లేదు.

ఆ రోజు నుంచి నేను పాటిస్తున్నవి ఇవి:

• పారామీటర్ పేరు ముందు ‘పీ అండర్‌స్కోర్’ పెట్టండి. కాలమ్‌తో పేచీ ఉండదు.

• ఎర్రర్ నంబరు చదవండి. 1305 అంటే ఆ పేరుతో ప్రొసీజర్ లేదని. ముందు ఏ డేటాబేస్‌లో ఉన్నారో చూసుకోండి. 1318 అంటే ఇవ్వాల్సిన విలువల లెక్క తప్పింది. ప్రొసీజర్ తయారు చేసేటప్పుడే 1064 వస్తే, డెలిమిటర్ మార్చడం మర్చిపోయారేమో చూడండి. మార్చకపోతే మొదటి సెమీకోలన్ దగ్గరే ప్రొసీజర్ అయిపోయిందనుకుంటుంది.

• లోపలి క్వెరీని బయటికి తీసి, విలువలు చేత్తో రాసి విడిగా నడపండి. అది సరిగ్గా వస్తే తప్పు పేర్లలోనో, వేరియబుల్స్‌లోనో ఉన్నట్టే.

• టెస్టింగ్‌కి ఒక్క రికార్డు చాలదు. కనీసం మూడు పెట్టండి. లేని నంబరు కూడా ఇచ్చి చూడండి.

• ఏమీ చేయని ఖాళీ ‘కంటిన్యూ హ్యాండ్లర్’ పెట్టకండి. నా ‘లిమిట్ 1’కి అది పెద్దన్న. మధ్యలో ఏం విరిగినా బయటికి చెప్పదు. ‘ఎగ్జిట్ హ్యాండ్లర్’ పెట్టి, అందులో రోల్‌బ్యాక్ చేసి, ‘రీసిగ్నల్’ రాయండి. సగం పని వెనక్కి పోతుంది, ఎర్రర్ మీదాకా వస్తుంది.

ఈ వారం మీ ప్రాజెక్టులో ప్రొసీజర్లు ఓసారి తెరిచి, పారామీటర్లు, కాలమ్‌ల పేర్లు ఎక్కడైనా కలిశాయేమో చూడండి. దొరికితే సిగ్గుపడక్కర్లేదు. నాకూ దొరికింది. కాకపోతే అప్పటికే జనం లైన్లో ఉన్నారు.